కాలేయంలో నీళ్ళ సంచి - రెండొందల ఏళ్ళ కత్తి కథ

మన తెలుగువాళ్ళకి గొర్రెతో ఉన్నంత చుట్టరికం ఈ దేశంలో ఇంకెవరికీ లేదు. ఊరికే అనట్లేదు, లెక్కలున్నాయి. 2019 పశుగణన ప్రకారం దేశం మొత్తం మీద గొర్రెలు 7.4 కోట్లు. అందులో తెలంగాణవి 1.9 కోట్లు, ఆంధ్రప్రదేశ్ వి 1.76 కోట్లు. మొదటి స్థానం, రెండో స్థానం రెండూ మనవే. దేశంలోని గొర్రెల్లో దాదాపు సగం మన దగ్గరే ఉన్నాయన్నమాట. 2012 లో తెలంగాణ ప్రాంతంలో ఉన్నవి 1.28 కోట్లే. 2017 లో ప్రభుత్వం గొల్ల కురుమలకి 20 గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున 75 శాతం సబ్సిడీ మీద పంచడం మొదలుపెట్టింది. మా వరంగల్ చుట్టుపక్కల ఏ ఊరికి వెళ్ళినా సాయంత్రం అయ్యేసరికి రోడ్డుకి అడ్డంగా మంద, మంద వెనక ఒక కుక్క.

ఈ వ్యాసం ఆ మంద గురించీ, ఆ కుక్క గురించీ, వాటి మధ్య తిరిగే ఒక పురుగు గురించీ, ఆ పురుగు మనిషి కాలేయంలో కట్టే నీళ్ళ సంచిని తియ్యడానికి డాక్టర్లు రెండొందల ఏళ్ళుగా పడుతున్న తిప్పల గురించీ. దాన్ని వైద్యులు హైడాటిడ్ తిత్తి అంటారు. గ్రీకు భాషలో నీటి బుడగ అనే అర్థం వచ్చే మాట నుంచి పుట్టిన పేరు.

ముందే చెప్పేస్తున్నాను, నేను డాక్టర్ని కాను. వరంగల్లో ఇంజనీరింగ్ చదివి కోడు రాసుకుని బతికేవాణ్ణి. ఈ జబ్బు మా ఇంట్లోకి వచ్చింది కాబట్టి దాని చరిత్ర తవ్వుకున్నాను. తవ్వాక నాకు అర్థమైంది ఏంటంటే, ఈ ఆపరేషన్ల చరిత్ర అంతా ఒకే ఒక్క భయం చుట్టూ తిరుగుతుంది. ఆ భయం ఏంటో తెలియాలంటే ముందు పురుగు సంగతి తెలియాలి.

పెద్ద పురుగు ఉండేది కుక్క పేగులో. అర సెంటీమీటరు పొడవు కూడా ఉండదు చాలాసార్లు. కుక్కకి పెద్దగా ఇబ్బంది ఏమీ ఉండదు, హాయిగా తిరుగుతుంటుంది. ఆ పురుగు పెట్టే గుడ్లు కుక్క విసర్జనతో పాటు గడ్డిలోకి, నీళ్ళలోకి వెళ్తాయి. గొర్రె ఆ గడ్డి మేస్తుంది. గుడ్డు పగిలి, పిల్ల పేగు గోడ దాటి, రక్తంలో పడి కాలేయానికో ఊపిరితిత్తికో చేరి అక్కడ నీళ్ళ తిత్తిగా పెరుగుతుంది. ఆ గొర్రెని కోసినప్పుడు తిత్తి ఉన్న కార్జం ముక్క పారేస్తే కుక్క తింటుంది. తిత్తిలో ఉన్న వేలకొద్దీ పురుగు తలలు కుక్క పేగులో మళ్ళీ పెద్ద పురుగులవుతాయి. కుక్క, గొర్రె, కుక్క... ఇలా చక్రం తిరుగుతూనే ఉంటుంది.

ఈ చక్రంలో మనిషికి నిజానికి పాత్ర లేదు. కుక్కని నిమిరిన చేత్తో తినడం, కడగని కూరగాయలు, కలుషితమైన నీళ్ళు, వీటి ద్వారా పొరపాటున గుడ్డు మన కడుపులోకి పోతుంది. అప్పుడు గొర్రెకి జరిగేదే మనకీ జరుగుతుంది. నూటికి డెబ్బై మందిలో తిత్తి కాలేయంలోనే, ఇరవై మందిలో ఊపిరితిత్తుల్లో. చాలామంది అనుకుంటున్నట్టు మటన్ తింటే రాదు ఈ జబ్బు. ఇది గట్టిగా గుర్తుపెట్టుకోండి, చివర్లో దీనితో పనుంది.

తిత్తి చాలా నిదానంగా పెరుగుతుంది. ఏడాదికి కొన్ని మిల్లీమీటర్ల నుంచి కొన్ని సెంటీమీటర్ల దాకా. చిన్నప్పుడు పట్టుకున్న జబ్బు నలభై ఏళ్ళకి బయటపడొచ్చు. అప్పటికి అది కొబ్బరికాయంత అయ్యుండొచ్చు. చుట్టూ మన శరీరమే కట్టిన గట్టి గోడ, దాని లోపల తెల్లటి జెల్లీ లాంటి పొర, దానికి లోపల పల్చటి జీవమున్న పొర. మధ్యలో తేటనీళ్ళు. ఆ నీళ్ళలో ఇసుకలాగా పురుగు తలలు, ఒక్కోసారి ద్రాక్షపళ్ళలాగా పిల్ల తిత్తులు.

ఇప్పుడు భయం సంగతి. ఈ తిత్తి పగిలి నీళ్ళు కడుపులో ఒలికితే రెండు జరుగుతాయి. ఒకటి, ఆ నీళ్ళకి శరీరం ఒక్కసారిగా ఎదురు తిరిగి రక్తపోటు పడిపోయి మనిషి నిమిషాల్లో చనిపోవచ్చు. రెండు, బతికి బయటపడితే ఒలికిన ప్రతి పురుగు తలా కడుపులో ఇంకో తిత్తి అయ్యే ప్రమాదం ఉంది. మా భాషలో చెప్పాలంటే ఇది పిల్లల్ని పుట్టించే ప్రాసెస్. తొందరపడి తండ్రి ప్రాసెస్ ని చంపితే పిల్లలన్నీ సిస్టమంతా పరుచుకుంటాయి. కాబట్టి సర్జన్ ముందున్న ప్రశ్న రెండొందల ఏళ్ళుగా ఒక్కటే: చుక్క ఒలక్కుండా దీన్ని ఖాళీ చెయ్యడం ఎలా?

మా పెద్దబాపు కథ ఇక్కడ చెప్పాలి. పరకాల వైపు ఊరు. నలభై ఏళ్ళు మంద వెనక నడిచిన మనిషి. నేను చిన్న తరగతుల్లో ఉన్నప్పుడు ఆయనకి వరంగల్లో ఒక ఆస్పత్రిలో పొట్ట కోసి ఈ తిత్తి తీశారు. ఆ తర్వాత రెండు నెలలు పొట్టలోంచి వేలాడే రబ్బరు గొట్టంతో, దానికి తగిలించిన సంచితో మంచం మీదే ఉన్నాడు. సంచిలోకి పసరు వచ్చేది. "గడ్డ గాదు బిడ్డా, నీళ్ళ సంచి అన్నడు డాక్టరు. నీళ్ళు దీసిన్రు గని సంచి జాగా అట్లనే ఉన్నదట" అని చెప్పేవాడు. ఆ మాట విన్నప్పుడు అర్థం కాలేదు గానీ, ఈ ఆపరేషన్ లో ఉన్న రెండో పెద్ద సమస్య సరిగ్గా అదే. నీళ్ళు తీసినా గట్టి గోడ మధ్య ఖాళీ జాగా మిగిలిపోతుంది. అందులోకి పైత్యనాళం తెరుచుకుని ఉంటే పసరు కారుతూనే ఉంటుంది, చీము పట్టొచ్చు. రెండు సమస్యలు: ఒలకడం, ఖాళీ జాగా. ఇక చరిత్రలోకి పోదాం.

కాలేయంలో నీళ్ళు నిండి అది కడుపులోకి పగిలితే మనిషి బతకడని హిప్పోక్రటీస్ పేరు మీద ఉన్న గ్రీకు వైద్య సూత్రాల్లోనే ఉంది. అంటే జబ్బు కొత్తది కాదు. కానీ అది పురుగు అని తెలియడానికి రెండు వేల ఏళ్ళు పట్టింది. 1782 లో గోజ్ అనే జర్మన్ పాస్టరు, తిత్తిలో ఉన్న ఇసుకని సూక్ష్మదర్శినిలో చూసి ఇవి బద్దెపురుగు తలల్లా ఉన్నాయే అన్నాడు. 1850ల మొదట్లో సీబోల్డ్ అనే ఇంకో జర్మన్ పశువుల తిత్తుల్ని కుక్కలకి తినిపించి, తర్వాత కుక్కల పేగుల్లో పెద్ద పురుగుల్ని చూపించాడు. 1863 లో మనుషుల్లోంచి తీసిన తిత్తులతో కూడా అదే జరుగుతుందని తేలింది. మన సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియాని చూసింది 1897 లో. దానికి మూడు దశాబ్దాల ముందే ఈ పురుగు చక్రం మొత్తం దొరికిపోయిందన్నమాట.

అప్పట్లో ఈ జబ్బుకి ప్రపంచంలోనే పేరుమోసిన చోటు ఐస్‌లాండ్. గొర్రెలు, కుక్కలు, చలికి ఒకే కప్పు కింద అందరూ. ఆరేడుగురిలో ఒకరికి ఈ జబ్బు ఉందని పందొమ్మిదో శతాబ్దం మధ్యలో అక్కడి వైద్యులు అంచనా కట్టారు. యోన్ ఫిన్సెన్ అనే డాక్టరు అక్కడ ఒక పద్ధతి వాడేవాడు, అది ఫ్రాన్సులో రెకామియే మొదలుపెట్టింది. వింటేనే ఒళ్ళు జలదరిస్తుంది. తిత్తి ఉబ్బిన చోట పొట్ట చర్మం మీద క్షారం ముద్ద పెట్టి కాలుస్తారు. చచ్చిన చర్మం తీసేసి మళ్ళీ పెడతారు. ఇలా రోజుల తరబడి, వారాల తరబడి. ఎందుకంటే ఆ మంటకి లోపల కాలేయం పొట్ట గోడకి అతుక్కుంటుంది. అతుక్కున్నాక తెరిస్తే నీళ్ళు కడుపులోకి కాకుండా నేరుగా బయటికి పోతాయి. క్రూరంగా ఉన్నా లాజిక్ చూడండి. ఒలకడం ప్రమాదమని ఎందుకో తెలియకపోయినా, ఒలక్కూడదని తెలుసు వాళ్ళకి.

సూదితో గుచ్చి నీళ్ళు లాగే ప్రయత్నాలూ జరిగాయి. కొందరు బాగయ్యారు, కొందరు సూది తియ్యకముందే చనిపోయారు. ఎందుకో ఎవరికీ తెలీదు. శరీరం అలా ఎదురు తిరగడానికి అనఫిలాక్సిస్ అని పేరు పెట్టింది 1902 లో, ఫ్రాన్సులో రిషే, పోర్టియే అనేవాళ్ళు. తర్వాత రోజుల్లో వైద్య పుస్తకాల్లో హైడాటిడ్ తిత్తిని సూదితో గుచ్చొద్దు అనేది ఒక శాసనంలా నిలబడిపోయింది. ఈ శాసనాన్ని కూడా గుర్తుపెట్టుకోండి.

1867 లో లిస్టర్ క్రిములు చంపే మందుతో ఆపరేషన్ చెయ్యడం చూపించాక కడుపు తెరవడం కాస్త సాధ్యమైంది. జర్మనీలో ఫోక్మన్ రెండు విడతల ఆపరేషన్ చేశాడు. మొదటి రోజు పొట్ట కోసి తిత్తి మీద గుడ్డ కుక్కి వదిలెయ్యడం, అతుక్కున్నాక కొన్ని రోజులకి తిత్తిని తెరవడం. క్షారం బదులు కత్తి వచ్చింది, ఆలోచన మాత్రం అదే. లిండెమన్, లాండౌ అనేవాళ్ళు ఇంకో మెట్టు ఎక్కి, తిత్తి గోడని పొట్ట గోడకి కుట్టేసి అదే రోజు తెరిచారు. కంగారూ పొట్ట సంచిలా బయటికి తెరిచి ఉంచుతారు కాబట్టి దానికి మార్సుపియలైజేషన్ అని పేరు. ప్రాణం దక్కేది. కానీ ఆ పుండు మానడానికి నెలలు పట్టేది.

1890ల్లో ఖాళీ జాగా మీద దాడి మొదలైంది. ఫ్రాన్సులో డెల్బే, అర్జెంటీనాలో పోసాదాస్, తిత్తి ఖాళీ చేశాక ఆ జాగా గోడల్ని లోపలి నుంచి ఒకదానికొకటి కుట్టి మూసెయ్యడం మొదలుపెట్టారు. పరుపుని టాకాలు వేసి కుట్టినట్టు. దాన్ని కాపిటొనాజ్ అంటారు. అన్నట్టు ఈ పోసాదాస్ 1899-1900 ప్రాంతంలో బ్వేనోస్ ఐరెస్ లో ఊపిరితిత్తిలో హైడాటిడ్ తిత్తి తీస్తున్నప్పుడు దాన్ని సినిమా తీశారు. ప్రపంచంలో ఇప్పటికీ మిగిలున్న అతి పాత ఆపరేషన్ సినిమాల్లో అదొకటి. సినిమా పుట్టి ఐదేళ్ళు కాలేదు, అప్పుడే గొర్రెల జబ్బు తెరకెక్కింది :-)

ఒలికితే ఏమవుతుందో ప్రయోగం చేసి చూపించింది ఫ్రాన్సులో రువాన్ ఊరి డాక్టరు ఫెలిక్స్ దేవే, 1901 లో. ఒలికిన ఇసుకలోంచి కొత్త తిత్తులు పుడతాయని జంతువుల్లో రుజువు చేశాడు. అప్పటిదాకా అనుమానంగా ఉన్నది రుజువైపోయింది. దాంతో తెరిచే ముందే లోపల పురుగుల్ని చంపాలనే ఆలోచన బలపడింది. మొదట వాడింది ఫార్మలిన్, అదే శవాల్ని నిలవ ఉంచే మందు. పురుగులు చచ్చేవి నిజమే, కానీ ఆ మందు పైత్యనాళాల్లోకి జారితే నాళాలు మచ్చకట్టి మూసుకుపోయేవి. ఈ సంగతి పూర్తిగా అర్థం కావడానికి దశాబ్దాలు పట్టింది. తర్వాత 20 శాతం ఉప్పు నీళ్ళు, సెట్రిమైడ్, పోవిడోన్ అయోడిన్ వచ్చాయి. ఇప్పటికీ సర్జన్ పొట్ట తెరవగానే తిత్తి చుట్టూ చిక్కటి ఉప్పు నీళ్ళలో తడిపిన గుడ్డలు పరుస్తాడు. ఊరగాయకి మన అమ్మమ్మలు నమ్ముకున్న ఉప్పే ఇక్కడా దిక్కు.

నాకు బాగా నచ్చిన ఇంజనీరింగ్ మాత్రం ఇరాన్ నుంచి వచ్చింది. షిరాజ్ లో ఫరోఖ్ సయిదీ అనే సర్జన్ 1971 లో ఒక పద్ధతి ప్రచురించాడు. ఒక లోహపు గరాటుని తిత్తి గోడ మీద పెట్టి గడ్డకట్టించడం. మంచుకి నాలుక అతుక్కున్నట్టు గరాటు గోడకి అతుక్కుపోతుంది. ఇక ఆ గరాటు లోంచే కోసి, లోంచే తోడి, సిల్వర్ నైట్రేట్ పోసి కడగొచ్చు. చుక్క పక్కకి పోదు. ఆ రోజుల్లోనే మిగిలిపోయిన జాగాలో పేగుల ముందు వేలాడే కొవ్వు తెరని తెచ్చి నింపడం కూడా పేరుకెక్కింది. ఆ తెర పసరు కారే రంధ్రాన్ని మూస్తుంది, మిగిలిన తేమని పీల్చేస్తుంది. కొందరు సర్జన్లు గట్టి గోడతో సహా మొత్తం చెక్కి తియ్యడం, అవసరమైతే కాలేయంలో ఆ భాగాన్నే తీసెయ్యడం చేశారు. అలా చేస్తే తిత్తి మళ్ళీ వచ్చే అవకాశం తగ్గుతుంది, కానీ రక్తం పోయే ప్రమాదం పెరుగుతుంది. పురుగు అసలు కేన్సరే కానప్పుడు కేన్సర్ కి చేసినంత ఆపరేషన్ ఎందుకు అనే వాదన ఇప్పటికీ నడుస్తోంది.

మన దగ్గర సంగతేంటి మరి? ఇక్కడ కర్నూలు పేరు చెప్పకపోతే కథ పూర్తవదు. 1950ల చివర్లో అక్కడ మెడికల్ కాలేజీ మొదలైంది. పదేళ్ళు తిరిగేసరికి, 1968 లో, సి.ఆర్.ఆర్.ఎం. రెడ్డి గారు, ఆయన సహచరులు కర్నూలులో హైడాటిడ్ జబ్బు ఎలా వ్యాపిస్తోందో అధ్యయనం చేసి ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్ లో ప్రచురించారు. అప్పటి నుంచి ఈ జబ్బు మీద మన దేశంలో ఎవరు వ్యాసం రాసినా కర్నూలుని, ఆంధ్రప్రదేశ్ ని తలుచుకోకుండా ఉండరు. రాయలసీమ బీడు భూములు, గొర్రెల మందలు... కారణాలు కనిపిస్తూనే ఉన్నాయి.

కానీ నాకు ఇంకోటి కూడా అనిపిస్తుంది. కర్నూలు పేరు పుస్తకాలకెక్కింది జబ్బు అక్కడ ఉన్నందుకు మాత్రమే కాదు, అక్కడ ఎవరో కూర్చుని లెక్కపెట్టినందుకు. వరంగల్లో కాకతీయ మెడికల్ కాలేజీ, నేను చదివిన ఊళ్ళోని ప్రాంతీయ ఇంజనీరింగ్ కాలేజీ, అదే ఇప్పటి నిట్, రెండూ 1959 లోనే పుట్టాయి. మా జిల్లాలోనూ మందలున్నాయి, మంద కుక్కలున్నాయి. మా పెద్దబాపు వార్డులో ఉన్నప్పుడు ఇదే జబ్బుతో ఇంకో ఇద్దరు ఉన్నారని మా పెద్దమ్మ ఇప్పటికీ చెప్తుంది. ఆ ఇద్దరూ మందల వాళ్ళే. లాగ్ ఫైల్ రాయని సర్వర్లో తప్పులు కనిపించవు. అంటే తప్పులు లేవని కాదు కదా.

1980ల నుంచి కథ వేగం అందుకుంది. మూడు సంగతులు కలిసొచ్చాయి. ఒకటి అల్ట్రాసౌండ్. 1981 లో ట్యునీషియా డాక్టరు గర్బీ స్కానులో తిత్తి ఎలా కనిపిస్తుందనే దాన్ని బట్టి రకాలుగా విడగొట్టాడు. అంతవరకూ పొట్ట కోస్తే గానీ లోపల ఏముందో తెలిసేది కాదు. రెండు, ఆల్బెండజోల్. పురుగుని చంపే మాత్ర, మనలో చాలామంది చిన్నప్పుడు నులిపురుగులకి మింగిన మాత్రే. దీన్ని నెలల తరబడి వాడితే చిన్న తిత్తులు కొన్ని ఆపరేషన్ లేకుండానే చస్తాయి. ఆపరేషన్ కి ముందూ వెనకా వాడితే ఒలికినా మొలకెత్తే ప్రమాదం తగ్గుతుంది.

మూడోది, ఆ సూది. గుచ్చొద్దు అనే శాసనం ఉంది కదా? 1980ల మధ్యలో ట్యునీషియా బృందం ఒకటి దాన్ని ధిక్కరించింది. స్కానులో చూస్తూ, కాలేయం మందంలోంచి సూది పంపి, నీళ్ళు లాగి, పురుగుని చంపే మందు ఎక్కించి, కాసేపు ఆగి మళ్ళీ లాగెయ్యడం. గుచ్చు, లాగు, ఎక్కించు, మళ్ళీ లాగు. ఇంగ్లీషు మొదటి అక్షరాలు కలిపి పెయిర్ అంటారు. కాలేయం మందంలోంచి పోవడం ఎందుకంటే సూది తీశాక ఆ కండే రంధ్రాన్ని మూస్తుంది, కడుపులోకి ఒలకదు. ఫిన్సెన్ క్షారంతో వారాల తరబడి కాల్చి సాధించిందే ఇక్కడ ఒక సూది దారితో వచ్చింది.

మొదట్లో ప్రపంచం నమ్మలేదు. నమ్మించిన వాళ్ళలో మన దేశం వాళ్ళున్నారు. శ్రీనగర్ లో ఖురూ, ఆయన బృందం 50 మంది రోగుల్ని తీసుకుని, లాటరీ పద్ధతిలో 25 మందికి ఆల్బెండజోల్ తో పాటు సూది, 25 మందికి ఆపరేషన్ చేశారు. 1997 లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ లో ఫలితాలు వచ్చాయి. తిత్తులు మాయమవడంలో రెండూ సమానమే. కానీ ఆస్పత్రిలో ఉన్న రోజులు సూది వాళ్ళకి సగటున 4.2, ఆపరేషన్ వాళ్ళకి 12.7. కూలి పోగొట్టుకుని మంచం పక్కన కూర్చునే ఇంటివాళ్ళకి ఆ ఎనిమిది రోజులంటే ఏంటో చెప్పక్కర్లేదు.

కత్తి కూడా చిన్నదైంది. 1990ల మొదట్లోనే పొట్టకి చిన్న రంధ్రాలు పెట్టి లాపరోస్కోపీతో ఈ తిత్తి తియ్యడం మొదలైంది. మళ్ళీ అదే భయం, ఒలికితే ఎలా? కోయంబత్తూరు సర్జన్ పళనివేలు దీనికోసం ఒక ప్రత్యేకమైన గొట్టం తయారు చేసుకున్నాడు. తిత్తికి ఆనించి పీల్చుతూనే లోపలికి పోతుంది, పక్కనుంచి కారే చుక్క కూడా గొట్టంలోకే వస్తుంది. ఆ ఫలితాలు 2006 లో ప్రచురించాడు. సయిదీ గరాటుకి మనవడు అనుకోవచ్చు.

ఇన్ని దార్లు ఉన్నప్పుడు ఎవరికి ఏది? ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణుల బృందం స్కాను బొమ్మని బట్టి సీఈ1 నుంచి సీఈ5 దాకా మెట్లు పెట్టింది. తేటనీళ్ళ తిత్తి చిన్నదైతే మాత్రలతో సరి. పెద్దదైతే, లేదా లోపలి పొర ఊడి నీళ్ళలో తేలుతుంటే, సూది. లోపల ద్రాక్షగుత్తిలా పిల్ల తిత్తులుంటే సూదికి లొంగదు, ఎక్కువగా ఆపరేషనే. పగిలే ప్రమాదం ఉన్నా, పైత్యనాళంలోకి తెరుచుకున్నా ఆపరేషనే. ఇక గట్టిపడి, సున్నం కట్టి, ఏ ఇబ్బందీ పెట్టకుండా ఉన్నదాన్ని ముట్టుకోవద్దు, ఏటా స్కాను తీసి చూస్తూ ఉండండి అంటుంది. అది చాలావరకు చచ్చిన తిత్తే.

ఈ చివరి మాట మా ఇంట్లో పెద్ద గొడవ. నిరుడు పెద్దబాపుకి వేరే నొప్పికి స్కాను తీస్తే కాలేయంలో కుడివైపు ఇంకో తిత్తి కనపడింది. ఆరు సెంటీమీటర్లు, చుట్టూ సున్నం. డాక్టరు కొయ్యక్కర్లేదు, ఏడాదికోసారి రండి అన్నాడు. మా అన్నకి మండిపోయింది. "ముసలోడని జెప్పి ఇడిసిపెడుతున్నరు, హైదరాబాద్ కు తీస్కపోయి కోపిద్దాం" అని పట్టుబట్టాడు. పొలం అమ్మే మాట కూడా వచ్చింది. ఒంట్లో పురుగు ఉందని తెలిసీ ఊరుకోవడం ఎవరికైనా కష్టమే, మా అన్న బాధ అర్థం చేసుకోగలను. నేను ఈ చరిత్ర అంతా కూర్చుని చదివింది ఆ వారంలోనే. తర్వాత అన్నకి ఒకటే చెప్పాను: "అన్నా, రెండొందల ఏండ్లు కోసి కోసి నేర్చుకున్నదే ఈ మాట. డాక్టరు చాతగాక ఇడిసిపెడ్తలేడు." ఇంకో డాక్టరు దగ్గర కూడా స్కాను చూపించాం, ఆయనా అదే మాటన్నాడు. పొలం అమ్మలేదు. పెద్దబాపు మాత్రం "ఉండనియ్యిరా, నన్నేం అంటలేదు గదా" అని తేల్చేశాడు. (మీ ఇంట్లో ఎవరికైనా ఉంటే నా మాట పట్టుకుని ఊరుకోకండి. ఏ మెట్టు మీద ఉందో డాక్టరే చెప్పాలి.)

ఇక అసలు చెప్పాలనుకున్న సంగతి. పైన రాసిన కత్తులు, గరాట్లు, సూదులు ఏవీ ఐస్‌లాండ్ ని బాగుచెయ్యలేదు. బాగుచేసింది ఒక చిన్న పుస్తకం, కొన్ని చట్టాలు. 1863 లో క్రాబే అనే డెన్మార్క్ శాస్త్రవేత్త ఐస్‌లాండ్ వెళ్ళి వంద కుక్కల్ని కోసి చూస్తే 28 కుక్కల పేగుల్లో ఈ పురుగు కనపడింది. మరుసటి ఏడాది పురుగు ఎలా తిరుగుతుందో, ఏం చెయ్యాలో సులభంగా రాసిన పుస్తకాన్ని ఊరూరా ఉచితంగా పంచారు. 1869 లో కుక్కల మీద పన్ను వేసి చట్టం తెచ్చారు. 1890 లో కుక్కలకి పురుగుల మందు వెయ్యాలని ఇంకో చట్టం. 1924 లో రేక్యవిక్ నగరంలో అసలు కుక్కల్నే నిషేధించారు. దశాబ్దాలు పట్టింది కానీ ఆరేడుగురిలో ఒకరికి ఉందన్న జబ్బు ఆ దేశంలోంచి తుడిచిపెట్టుకుపోయింది. మనకంటే చాలా ఎక్కువ గొర్రెల బతుకు బతికే న్యూజిలాండ్ కూడా 2002 లో ఈ జబ్బు నుంచి తాత్కాలికంగా విముక్తి అయినట్టు ప్రకటించుకుంది.

మా పనిలో దీన్ని రూట్ కాజ్ అంటారు. ప్రొడక్షన్లో రోజూ అదే ఎర్రర్ వస్తుంటే ఎంత తెలివైన ప్యాచ్ వేశామన్నది కాదు లెక్క, ఎర్రర్ ఎక్కడ పుడుతోందో అక్కడ ఆపామా లేదా అన్నదే. ఈ ఎర్రర్ పుట్టేది ఆదివారం పొద్దున, ఊరి చెట్టు కింద. పొట్టేలుని కోస్తారు. కార్జంలో నీళ్ళ బుడగలుంటే కోసే అతనికి తెలుసు అది మంచిది కాదని, కత్తితో తీసి పక్కకి విసిరేస్తాడు. విసిరిన చోటే నాలుగు కుక్కలు కూర్చుని ఉంటాయి. తినేవాడికి మంచి ముక్కే పోతుంది, మటన్ తింటే ఈ జబ్బు రాదు కూడా. కానీ మటన్ కొనుక్కుని వెళ్ళినవాడి పిల్ల ఆ సాయంత్రం అదే కుక్కతో ఆడుకుంటుంది. చక్రాన్ని తెంచే చోటు ఆ విసిరే చెయ్యి.

దానికేం కావాలి? కోసే ప్రతి చోటా ఒక గొయ్యి, లేదా మూతున్న డబ్బా. బుడగలున్న ముక్కని కుక్కకి వెయ్యకుండా పూడ్చడం లేదా బాగా ఉడకబెట్టి పారెయ్యడం. మంద కుక్కకి నెలా పదిహేను రోజులకోసారి ప్రాజిక్వాంటెల్ మాత్ర, ఎందుకంటే పేగులోకి పోయిన పురుగు గుడ్లు పెట్టడానికి సుమారు అంత సమయం పడుతుంది. గొర్రెలకి టీకా కూడా ఉంది, ఈజీ95 అని, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ శాస్త్రవేత్తలు 1990ల్లో తయారు చేశారు. దీనికి అక్క చెల్లెల్లాంటి పందుల బద్దెపురుగు టీకాని మన హైదరాబాదులోని ఇండియన్ ఇమ్యునలాజికల్స్ తయారు చేసింది. అంటే చెయ్యగలిగిన చెయ్యి మన ఊళ్ళోనే ఉంది.

20 గొర్రెలు, ఒక పొట్టేలు పంచగలిగిన ప్రభుత్వానికి, ఆ యూనిట్ తో పాటు మంద కుక్కకి ఏడాది మాత్రలు కలిపి ఇవ్వడం ఎంత ఖర్చు? గొర్రెలకి ఇన్సూరెన్సు ట్యాగు వెయ్యడం గుర్తొచ్చింది గానీ వాటి వెనక నడిచే కుక్కని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. మనిషి కాలేయంలో తిత్తి తీయించుకుంటే అది ఆరోగ్య శాఖ, గొర్రె కార్జంలో ఉంటే పశుసంవర్ధక శాఖ, వీధిలో కుక్క మునిసిపాలిటీ, చెట్టు కింద కోత పంచాయతీ. పురుగు నలుగురి మధ్యా హాయిగా తిరుగుతోంది.

ఈసారి మీ ఊళ్ళో పొట్టేలు కోసినప్పుడు, కార్జంలో బుడగలు కనిపిస్తే ఆ ముక్క ఎటు పోతోందో ఒక్కసారి చూడండి. కోసే అన్నకి ఒక గొయ్యి తియ్యమని చెప్పండి. వింటారు, నేను మా ఊళ్ళో చెప్తే విన్నారు, రెండు వారాల తర్వాత మళ్ళీ చెప్పాల్సి వచ్చింది అనుకోండి, అది వేరే సంగతి. మీ వైపు దీన్ని ఎలా చేస్తున్నారో, కర్నూలు వైపు వాళ్ళయితే మరీ ముఖ్యంగా, తెలిసినవాళ్ళు రాయండి.